కమీయ్ క్లోడెల్ శకుంతల: ఒకే శిల్పానికి మూడు పేర్లు ఎందుకు?

ఒక మగవాడు మోకాళ్ళ మీద ఉన్నాడు. తల పైకెత్తి, ఎదురుగా ఉన్న స్త్రీ నడుమును రెండు చేతులతో చుట్టి పట్టుకున్నాడు. ఆమె నిలబడింది అనడానికి లేదు, కూర్చుంది అనడానికీ లేదు. పైనుంచి అతని మీదికి మెల్లగా ఒరిగిపోతోంది. కళ్ళు మూసుకుంది. ఒక చేయి గుండెల మీద ఉంది, ఇంకో చేయి సత్తువ లేనట్టు కిందికి వేలాడుతోంది. ఇద్దరి ఒంటి మీదా బట్టల్లేవు, నగల్లేవు. ఇది ఏ దేశమో, ఏ కాలమో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

పారిస్‌లోని రోడిన్ మ్యూజియంలో ఉన్న పాలరాతి శిల్పం ఇది. దాని పేరు 'వెర్తుమ్నస్, పొమోనా'. రోమన్ల రుతువుల దేవుడు, తోటల దేవత. ఇదే శిల్పాన్ని కంచులో చూస్తే పేరు మారిపోయి 'లాబందోన్' అవుతుంది. ఫ్రాన్స్ నడిబొడ్డున ఉన్న షాతోరూ పట్టణంలో దీని నిలువెత్తు ప్లాస్టర్ రూపం ఉంది. దాని పేరు 'సకుంతలా'. అవును, మన శకుంతలే. కణ్వుడు పెంచిన కూతురు, దుష్యంతుడి భార్య, భరతుడి తల్లి.

ఈ మూడిటినీ చేసింది ఒక్కరే, ఫ్రెంచి శిల్పిణి కమీయ్ క్లోడెల్. మూడు పేర్లలో మొదట పుట్టింది శకుంతల. మిగతా రెండూ దాదాపు పదిహేడేళ్ళ తర్వాత, 1905లో వచ్చాయి. పేరు మారినప్పుడల్లా ఆ మోకాళ్ళ మీది మనిషి ఎవరు, ఏం అడుగుతున్నాడు, ఆమె ఎందుకు ఒరుగుతోంది అన్న ప్రశ్నలకు జవాబు కూడా మారిపోయింది. ఈ చిక్కుముడి విప్పడం తెలుగు పాఠకులకు పారిస్ వాళ్ళకంటే తేలిక అని నా నమ్మకం. ఎందుకంటే శకుంతల కథ మనకు ఒకటి కాదు, రెండు రకాలుగా తెలుసు.

మొదటిది భారతంలోది. నన్నయ ఆదిపర్వంలో చెప్పిన శకుంతల కొడుకును వెంటబెట్టుకుని నేరుగా సభకు వస్తుంది. దుష్యంతుడు అన్నీ గుర్తుండి కూడా ఎరగనట్టు మాట్లాడతాడు. ఆ కథలో ఉంగరం లేదు, శాపం లేదు. ఆమె నిలబడి వాదిస్తుంది. నూరు నూతుల కంటే ఒక బావి మేలు అని మొదలుపెట్టి, చివరికి నూరుగురు కొడుకుల కంటే ఒక్క నిజమైన మాట మేలు అని ముగించే పద్యం మనలో చాలామందికి బడిలోనే వచ్చేసి ఉంటుంది. ఆఖరికి ఆకాశవాణి పలికితేనే రాజు ఒప్పుకుంటాడు. కాళ్ళ మీద పడడు.

రెండోది కాళిదాసుది. అందులో దూర్వాసుడి శాపం వల్ల రాజు నిజంగానే మరిచిపోతాడు. నీళ్ళలో జారిపోయిన ఉంగరం చేప కడుపులోంచి దొరికాక గుర్తొస్తుంది. అప్పటికి శకుంతల వెళ్ళిపోయింది. ఏళ్ళు గడిచాక, ఏడో అంకంలో, మారీచుడి ఆశ్రమంలో సింహం పిల్ల నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతానంటున్న పిల్లవాడు కనిపిస్తాడు. వాడి వెనకే తల్లి వస్తుంది. మాసిన బట్టలు, నియమాలతో చిక్కిపోయిన ముఖం, ఒంటి జడ. రాజు ఆమె పాదాల మీద పడతాడు. నేను నిన్ను కాదన్న బాధ నీ గుండెలోంచి తొలగిపోవాలి అని వేడుకుంటాడు. ఆమె లేవమంటుంది.

కమీయ్ శిల్పంగా చేసింది ఈ క్షణాన్నే. భారతంలోని శకుంతల అయితే ఈ శిల్పం పుట్టే వీలే లేదు, అక్కడ మోకరిల్లే రాజు లేడు కాబట్టి. మనవైపు శకుంతల అనగానే రవివర్మ బొమ్మ గుర్తొస్తుంది. కాలి ముల్లు తీసుకుంటున్నట్టు నటిస్తూ వెనక్కి తిరిగి రాజును చూసే అమ్మాయి. అది కథ మొదట్లోని కోరిక. కమీయ్ మాత్రం ప్రేమ మొదలైన చోటు వదిలేసి, ప్రేమ విరిగి మళ్ళీ అతుక్కున్న చోటు ఎంచుకుంది. ఈ పని మొదలుపెట్టేనాటికి ఆమె వయసు 21.

కాళిదాసు పారిస్ దాకా ఎలా వెళ్ళాడో కూడా చెప్పుకోవాలి. 1789లో కలకత్తాలో ఆయన శకుంతల నాటకానికి విలియం జోన్స్ చేసిన ఇంగ్లీషు అనువాదం అచ్చయింది. రెండేళ్ళకే అది జర్మన్‌లోకి వెళ్ళింది, జర్మన్ కవి గోథే దాన్ని ఆకాశానికెత్తాడు. 1803లో ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచికి వచ్చింది. కాలేజ్ ద ఫ్రాన్స్‌లో సంస్కృత పీఠం ఏర్పడ్డాక, దాని తొలి ఆచార్యుడు షెజీ 1830లో మూలంతో సహా నేరుగా సంస్కృతం నుంచి అనువదించి ప్రచురించాడు. 1858లో పారిస్ ఒపేరా దీన్ని బ్యాలేగా ఆడింది. 1884లో బెర్గేన్, లెయుగ్యూర్‌ల కొత్త అనువాదం వచ్చింది. అంటే 1886లో పారిస్‌లో కాస్త చదువుకున్న అమ్మాయికి శకుంతల పేరు వింత కాదు. పైగా ఆమెది పుస్తకాలు బాగా తిరిగేసిన ఇల్లు. తమ్ముడు పోల్ క్లోడెల్ తర్వాత ఫ్రాన్స్‌లో పేరున్న కవి, దౌత్యాధికారి అయ్యాడు.

కమీయ్ 1864 డిసెంబర్ 8న ఉత్తర ఫ్రాన్స్‌లో పుట్టింది. చిన్నప్పటి నుంచే మట్టితో బొమ్మలు చేసేది. 1881లో కుటుంబంతో పారిస్ వచ్చింది. అప్పటికి ఎకోల్ దె బోజార్ అనే ప్రభుత్వ కళాశాలలో ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. ఆ తలుపు 1897లో గానీ తెరుచుకోలేదు. నగ్న శరీరాన్ని చూసి బొమ్మ చేయడం రాకపోతే ఆ రోజుల్లో శిల్పిగా లెక్కలోకే రారు. ఆడవాళ్ళు మగ మోడల్‌ను చూడటం మర్యాద కాదన్న కాలం అది. అందుకే ఆడవాళ్ళను కూడా చేర్చుకునే అకాడెమీ కొలరోసీ అనే ప్రైవేటు చోట ఆమె నేర్చుకుంది. ఇంకొందరు అమ్మాయిలతో కలిసి ఒక స్టూడియో అద్దెకు తీసుకుంది. వాళ్ళకు పాఠాలు చెప్పే అల్ఫ్రెడ్ బూషే ఇటలీ వెళ్తూ ఆ బాధ్యత తన మిత్రుడు, శిల్పి ఒగూస్త్ రోడిన్‌కు అప్పగించాడు. 1884 ప్రాంతంలో ఆమె రోడిన్ వర్క్‌షాపులో సహాయకురాలిగా చేరింది. అక్కడ ఆమె ఆయన పని చేస్తూనే, తన సొంత పనిగా శకుంతలను మొదలుపెట్టింది.

ఆ పని ఎంత కష్టమో కాస్త వివరంగా చూడాలి. నిలువెత్తు జంట శిల్పానికి ముందు లోపల ఇనుప చట్రం నిలబెట్టాలి. దాని మీద మట్టి కప్పాలి. ఆ మట్టి ఎండి పగలకుండా తడిగుడ్డలు చుట్టి, రోజూ నీళ్ళు చిలకరిస్తూ నెలల తరబడి కాపాడాలి. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆమె శరీరం ముందుకు ఒరుగుతోంది, అతని శరీరం పైకి లేస్తోంది. ఒకరి బరువు ఇంకొకరి మీద పడుతోంది. ఆ బరువు నిజంగా పడుతున్నట్టు కనిపించకపోతే శిల్పం మొత్తం చచ్చిపోతుంది. అప్పట్లో ఇంగ్లండ్‌లోని ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో కమీయ్ తన దినచర్య చెప్పింది: రెండు పెద్ద బొమ్మలు, రోజుకు ఇద్దరు మోడళ్ళు, పొద్దున ఆడమనిషి, సాయంత్రం మగమనిషి. అంటే కౌగిలిలో ఉన్న ఆ ఇద్దరినీ ఆమె వేరువేరు పూటల్లో చూసి చేసింది. కౌగిలిని కలిపింది ఆమె చేతులే. నాకు ఈ శిల్పం గురించి తెలిసిన విషయాల్లో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే.

మట్టి బొమ్మ పూర్తయ్యాక దాని మీద ప్లాస్టర్‌తో అచ్చు తీస్తారు. ఆ క్రమంలో మట్టి బొమ్మ పోతుంది. అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోసి తీసిన తెల్లటి రూపమే నిలుస్తుంది. దాన్ని చూసి ఎవరైనా ఆర్డర్ ఇస్తే పాలరాతిలో చెక్కుతారు, లేదా కంచులో పోత పోస్తారు. రాయికీ కంచుకూ చాలా డబ్బు కావాలి. కాబట్టి ఒక యువ శిల్పికి ప్లాస్టర్ అంటే పూర్తయిన పనీ కాదు, పూర్తి కాని పనీ కాదు. కొనేవాళ్ళ కోసం ఎదురుచూసే పని.

పారిస్‌లో ఏటా జరిగే కళాప్రదర్శన సలోన్‌లో 1888లో ఆ ప్లాస్టర్ నిలబడింది. తీర్పరులు ప్రశంసాపత్రం ఇచ్చారు. పత్రికల్లో మంచి మాటలు వచ్చాయి. పాలరాతిలో చేయించమని ప్రభుత్వం మాత్రం ఆర్డర్ ఇవ్వలేదు. 1895లో ఆమె ఆ ప్లాస్టర్‌ను షాతోరూ మ్యూజియంకు ఉచితంగా ఇచ్చేసింది. అక్కడ గొడవ లేచింది. నిలువెత్తు నగ్న జంటను, అదీ ఒక ఆడమనిషి చేసినదాన్ని, ఊరి మ్యూజియంలో పెట్టడమేమిటని కొందరు మండిపడ్డారు. విమర్శకుడు గుస్తావ్ జెఫ్రోయ్ లాంటివాళ్ళు ఆమె పక్షాన నిలిచారు. తర్వాత ఆ ప్లాస్టర్ ఏళ్ళ తరబడి స్టోరు గదిలో ఉండి దెబ్బతింది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఈ శిల్పం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది నేరుగా రోడిన్ ప్రేమకథలోకి వెళ్ళిపోతారు. మోకాళ్ళ మీది మనిషి రోడిన్, కళ్ళు మూసుకున్న స్త్రీ కమీయ్, ఆయన వదిలేశాడు, ఈమె శిల్పంలో ఏడ్చింది అన్నట్టు చెప్తారు. ఆమె జీవితం నిజంగా విషాదమే. రోడిన్ తన పాత సహచరి రోజ్ బ్యూరేను వదల్లేదు. 1890ల్లో ఇద్దరూ విడిపోయారు. 1913 మార్చి 2న తండ్రి చనిపోతే, మార్చి 10న కుటుంబం ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్పించింది. ముప్పై ఏళ్ళు అలాంటి చోట్లలోనే గడిపి 1943 అక్టోబర్ 19న అవిన్యాఁ దగ్గరి ఆసుపత్రిలో కన్నుమూసింది. ఇది తెలిసినవాళ్ళకు ఆమె చేసిన ప్రతిదీ ఆ దుఃఖంలోంచే కనిపించడం సహజం.

కానీ తేదీలు ఒప్పుకోవు. శకుంతల మొదలైంది 1886లో. ఆ ఏడాది అక్టోబర్ 12న రోడిన్ ఆమెకు రాసిచ్చిన ఒప్పందం లాంటి ఉత్తరం ఒకటి ఉంది. అందులో, ఇకమీదట నువ్వు తప్ప నాకు వేరే విద్యార్థులు ఉండరు, నిన్ను పెళ్ళి చేసుకుంటాను అని మాటిస్తాడు. అంటే అప్పుడు బతిమాలుతున్నది ఆయన. వదిలేయడం ఇంకా ఏళ్ళ దూరంలో ఉంది. అప్పటికి జరగని దుఃఖాన్ని ఆమె మట్టిలో ముందే చేసింది అనడం ఆమె తెలివికి, చదువుకు అన్యాయం చేయడమే. ఆమె ఒక నాటకం నుంచి ఒక ఘట్టం తీసుకుంది. దాన్ని ఎలా నిలబెట్టాలో నెలల తరబడి ఆలోచించింది. మగ శిల్పి ఎవరైనా ఇలా చేస్తే పౌరాణిక ఇతివృత్తం అంటాం. ఆమె చేస్తే డైరీ అంటున్నాం.

రోడిన్‌తో పోలిక పెట్టాలంటే శిల్పాలనే పక్కపక్కన పెట్టాలి. ఆయనదే 'శాశ్వత విగ్రహం' అని ఒక జంట శిల్పం ఉంది. అందులోనూ మగవాడు మోకాళ్ళ మీదే ఉంటాడు. రెండూ చూసినవాళ్ళు కమీయ్ తన గురువును అనుకరించిందని సులువుగా అనేస్తారు. కానీ ఆమె ప్లాస్టర్ సలోన్‌లో నిలబడింది 1888లో, రోడిన్ శిల్పానికి ఆయన మ్యూజియం వేసే తేదీ 1889. తేదీని పక్కన పెట్టినా తేడా తెలుస్తుంది. రోడిన్ చేసిన మగవాడి చేతులు వెనక్కి ఉన్నాయి. ఆమెను ముట్టుకోకుండా రొమ్ము కింద ముద్దు పెడుతున్నాడు. ఆమె పైనుంచి కిందికి చూస్తోంది. అది పూజ. పూజలో ఇద్దరి మధ్య దూరం ఉంటుంది. కమీయ్ చేసిన జంటలో ఎవరూ ఎవరినీ చూడట్లేదు, ఎవరూ ఎవరికంటే పైన లేరు. ఆమె తల అతని ముఖం దాకా దిగివచ్చింది. పోల్ క్లోడెల్ అయితే రోడిన్ చేసిన 'ముద్దు' అనే జంట శిల్పంతో పోల్చి, అందులో మగవాడు స్త్రీ ముందు భోజనానికి కూర్చున్నట్టు ఉంటాడని, తన అక్క శిల్పంలో ఉన్నదంతా మనసేనని అన్నాడు. తమ్ముడి మాట కాబట్టి కొంత పక్షపాతం ఉంటుంది. కానీ 'ముద్దు' చూశాక ఆ మాట మర్చిపోవడం కష్టం.

ఇక మిగతా రెండు పేర్లు.

1905 నాటికి ఆమె దగ్గర డబ్బు లేదు, ఆరోగ్యమూ బాగా లేదు. అండగా ఉన్న కొద్దిమందిలో ఎజెన్ బ్లో అనే గ్యాలరీ యజమాని ఒకరు. ఆయన ఆమె శిల్పాలను చిన్న సైజుల్లో కంచులో పోత పోయించి అమ్మేవాడు. అలా శకుంతల కంచులోకి మారినప్పుడు 'లాబందోన్' అయింది. ఫ్రెంచిలో ఆ మాటకు రెండు అర్థాలు: ఒకరిని విడిచిపెట్టడం ఒకటి, తనను తాను వదిలేసుకుని ఒకరికి ఒదిగిపోవడం ఇంకొకటి. మన 'వదలడం' కూడా దాదాపు ఇలాంటిదే. పట్టు వదిలాడు అన్నా, ఒళ్ళు వదులు చేసింది అన్నా, పెళ్ళాన్ని వదిలేశాడు అన్నా మాట అదే. శిల్పంలో కనిపించేది రెండో అర్థం, ఆ వేలాడే చేయే సాక్ష్యం. కానీ ఆమె జీవితం తెలిసినవాళ్ళు మొదటి అర్థమే పట్టుకున్నారు. దాంతో క్షమించిన స్త్రీ శిల్పం, పరిత్యక్త స్త్రీ శిల్పంగా చెలామణీ అయింది. నిజానికి కథలో పరిత్యాగం ఉంది, ఐదో అంకంలో. శిల్పం ఏడో అంకంలోది.

అదే ఏడాది ఒక కౌంటెస్ కోసం పాలరాతిలో చెక్కినప్పుడు వెర్తుమ్నస్, పొమోనా అన్న పేరు వచ్చింది. ఆ కథ రోమన్ కవి ఓవిడ్ చెప్పాడు. పొమోనా తోట చుట్టూ గోడ కట్టుకుని ఎవరినీ రానివ్వదు. వెర్తుమ్నస్ రైతుగా, సైనికుడిగా, రకరకాల వేషాల్లో వస్తాడు. చివరికి ముసలమ్మ వేషంలో లోపలికి వచ్చి తన గురించి తానే సిఫారసు చేసుకుంటాడు. ఆ తర్వాత అసలు రూపం చూపిస్తే ఆమె ఒప్పుకుంటుంది. ఇందులో తప్పు లేదు, పశ్చాత్తాపం లేదు, ఏళ్ళ ఎడబాటు లేదు. మోకాళ్ళ మీద పడాల్సిన అవసరం కూడా లేదు. ఆ పేరుతో చూస్తే ఈ శిల్పం అందమైన ప్రణయ దృశ్యం మాత్రమే. ఫ్రెంచి డ్రాయింగ్ రూముల్లో ఓవిడ్ అందరికీ తెలిసినవాడు, కాళిదాసు కొందరికే. కొనేవారి ఇంట్లో ఒదగడానికి శకుంతల తన పేరు వదులుకోవాల్సి వచ్చిందని నేను అర్థం చేసుకున్నాను.

మనవాళ్ళలో కొందరు వేరే ప్రశ్న అడుగుతారు: ఇందులో శకుంతల ఎక్కడుంది? నారచీర లేదు, జింకపిల్ల లేదు, ఒంటి జడ లేదు, భరతుడు లేడు, ఉంగరం అసలే లేదు. ముఖాలు కూడా భారతీయుల ముఖాలు కావు. ఈ అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. ఆమె భారతదేశాన్ని చూడలేదు, చూపించాలనీ అనుకోలేదు. కానీ అప్పటి యూరప్ కళలో తూర్పు దేశాల స్త్రీ అంటే తివాచీలు, గాజులు, హుక్కాలు, పరదాలు. ఆ సరుకు పేర్చితే చాలు 'ప్రాచ్యం' అయిపోయేది. కమీయ్ ఆ దారి పట్టలేదు. కాళిదాసు స్త్రీని అలంకారంగా వాడుకోకుండా మనిషిగా తీసుకుంది. నా మటుకు ఇది గౌరవమే. రంగస్థలం మీద మన శకుంతలలకు మనం తొడిగే పూలదండలన్నీ తీసేస్తే ఏం మిగులుతుందో, ఆమె అది చేసింది.

పైగా ఉంగరం లేకపోవడం నాటకానికి దూరం కూడా కాదు. ఏడో అంకంలో, రాజు ఆమె కన్నీటి బొట్టును తన చేత్తో తుడిచాక, అతని వేలికి ఉన్న ఉంగరం శకుంతల కంట పడుతుంది. అతను తీసి ఇవ్వబోతాడు. ఆమె తీసుకోదు. దాన్ని నేను నమ్మను, మీరే పెట్టుకోండి అంటుంది. రాజును క్షమిస్తుంది కానీ గుర్తుగా ఇచ్చిన వస్తువును మాత్రం నమ్మదు. రెండు శరీరాలు తప్ప మరే వస్తువూ లేని ఈ శిల్పం ముందు నిలబడితే, ఆ మాట చెప్పింది ఈమేనని అనిపిస్తుంది.

1952లో పోల్ క్లోడెల్ ఆ పాలరాతి శిల్పాన్ని, అక్క చేసిన మరికొన్నిటినీ రోడిన్ మ్యూజియంకు ఇచ్చాడు. చిన్నప్పుడు ఆమె కొన్నేళ్ళు పెరిగిన నొజాన్ సుర్ సెన్ అనే ఊళ్ళో 2017లో ఆమె పేరుతోనే ఒక మ్యూజియం తెరిచారు. పారిస్ వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. రోడిన్ మ్యూజియంలో 'ఆలోచనాపరుడు' దగ్గర ఫొటో దిగాక, లోపల కమీయ్ క్లోడెల్ పనులు ఉంచిన చోటికి కూడా వెళ్ళండి. పేరు చదివే ముందు ఆ వేలాడే చేతిని చూడండి. తోడుగా పిల్లలు ఉంటే వాళ్ళకు వెర్తుమ్నస్ కథ కాదు, ఏడో అంకం చెప్పండి.